పామ్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు జాగ్రత్తలు

మార్చి 31 దగ్గర పడిందంటే చాలు, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో మిగిలిన బడ్జెట్‌తో ప్రివిలేజ్డ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్ (పామ్), అంటే సర్వర్లపై పూర్తి అధికారం ఉన్న అకౌంట్లను ఎవరు వాడాలో నియంత్రించే సాఫ్ట్‌వేర్, కొనే హడావుడి మొదలవుతుంది. డెమోలో అన్నీ బాగానే ఉంటాయి. సంతకం పెట్టేలోపు ఇవి చూడండి.

• ట్రయల్‌లో పామ్ సర్వర్‌నే ఆపేయండి. రూట్ (సర్వర్‌పై సర్వాధికారం ఉన్న అకౌంట్) పాస్‌వర్డ్‌లన్నీ దాని వాల్ట్ అనే లాకర్‌లోనే ఉంటాయి కాబట్టి, అది పడిపోతే మన సర్వర్లలోకి మనమే వెళ్లలేం. అత్యవసర అకౌంట్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో ఉంటే చాలదు, దాంతో ఒక్కసారైనా లాగిన్ అయి చూడాలి.

• సర్వీస్ అకౌంట్ల (మనుషులు కాక ప్రోగ్రాములు వాడేవి) పాస్‌వర్డ్ మార్పును టెస్ట్ సర్వర్ మీద చేయించండి. పాతది ఏ కాన్ఫిగ్ ఫైల్లోనో ఉండిపోతే అర్ధరాత్రి దానంతటదే నడిచే బ్యాచ్ జాబ్ ఫెయిలవుతుంది. మళ్లీ మళ్లీ ప్రయత్నించి అకౌంటే లాక్ అవుతుంది. ఇక ఫోన్ల మీద ఫోన్లు!

• ల్యాప్‌టాప్ నుంచి పామ్‌ని తప్పించి, నేరుగా సర్వర్ల 22 (ఎస్ఎస్‌హెచ్), 3389 (రిమోట్ డెస్క్‌టాప్) లాగిన్ పోర్టులకు కనెక్ట్ అయి చూడండి. దొడ్డిదారి తెరిచే ఉంటే పెట్టిన డబ్బు దండగ. పాస్‌వర్డ్ లేకుండానే లాగిన్ చేయించే పాత ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా అలాంటివే.

• క్లౌడ్‌కి గడువు తీరే తాత్కాలిక అనుమతులు ఇస్తుందా? శాశ్వత యాక్సెస్ కీని దాచిపెట్టడం వరకే అయితే సగం పనే.

• లాగ్‌లు (ఎవరెప్పుడు ఏం చేశారనే రికార్డులు) ఏ దేశంలో ఉంటాయో రాతపూర్వకంగా తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలి. హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) రీజియన్, అంటే దాని డేటా సెంటర్లు, ఉన్నా, వెండర్ దాన్నే వాడుతున్నాడని అనుకోవద్దు.

• లైసెన్స్ మనుషుల లెక్కనా, సర్వర్ల లెక్కనా? ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు వాటంతటవే పెరగడం) ఉంటే రెండోది బిల్లు పెంచేస్తుంది.