ధర్నాకు బస్సు మాట్లాడాలంటే

నేను కందుకూరు దగ్గర అంగన్‌వాడీ టీచర్ని. యూనియన్‌లో బస్సు మాట్లాడే పని ఎప్పుడూ నా నెత్తినే పడుతుంది. ఈ పని కొత్తగా మీద పడినవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. పార్టీ సభలకైతే నియోజకవర్గ ఇన్‌ఛార్జి మండలానికి ఇన్ని బస్సులని చెబుతాడు, డీజిలు, బిర్యానీ పొట్లాలు కింది నాయకులు చూసుకుంటారు. మనకు ఆ దారి వద్దు. ఒకసారి ఓ నాయకుడు ఊరికే బస్సు పెడతానంటే సరేనన్నాం. పొద్దున్నే చూస్తే ముందు అద్దం మీద ఆయన ఫ్లెక్సీ! మధ్యాహ్నం మూడింటికే డ్రైవరు హారన్ కొట్టడం మొదలెట్టాడు, బండి ఆయన మీటింగుకు పోవాలట.

అప్పట్నుంచి ఎక్కేవాళ్లే కడుతున్నాం. విజయవాడకు అద్దె, టోలు, డ్రైవరు బత్తా కలిపి 20,000 అయింది. తలా ఇంతని సమానంగా పంచలేదు. అప్పట్లో టీచరుకు 11,500, ఆయాకు 7,000 వచ్చేది. అందుకని 26 మంది టీచర్లు 500 చొప్పున, 20 మంది ఆయాలు 350 చొప్పున వేశాం. సరిపోయింది. వస్తామన్నవాళ్లను లెక్కేసి బస్సు మాట్లాడొద్దు, డబ్బు కట్టినవాళ్లను లెక్కేసి మాట్లాడండి.

కందుకూరును 2022లో ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు, 2025 చివర్లో మళ్లీ ప్రకాశంలో కలిపేదాకా కలెక్టరేట్ ధర్నాకే ఖర్చు రెట్టింపు దాటేది. అంతకుముందు ఒంగోలైతే పల్లెవెలుగులో పోయొచ్చేవాళ్లం.

ఆర్టీసీ డిపోలో స్పెషల్ బస్సు అడగొచ్చు, డిపాజిట్ ముందే కట్టాలి. స్కూలు బస్సు చవకే గానీ దాని పర్మిట్ పిల్లల కోసం, దారిలో ఆపితే మన ధర్నా అక్కడే. ట్రాక్టరు, సరుకుల ఆటో అసలొద్దు. ఏదైనా జరిగితే బీమా కంపెనీ మాకు సంబంధం లేదంటుంది.

ఇక చలో విజయవాడ సంగతి వేరే. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన మా సమ్మెలో, బయల్దేరే ముందు రాత్రి బస్సు ఓనరు అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. ఎవరో ఫోన్ చేశారట. కాబట్టి రెండో దారి ముందే చూసి పెట్టుకోండి. మేం ఇద్దరు ముగ్గురుగా విడిపోయి, కొందరు సింగరాయకొండలో రైలెక్కాం, కొందరు ఆర్టీసీ బస్సుల్లో పోయారు. ఒకే రంగు చీరలు కట్టొద్దు. జెండాలు సంచి అడుగున, పైన టిఫిన్ బాక్సు. టంగుటూరు, బొల్లాపల్లి, కాజ టోలుగేట్ల దగ్గర పోలీసులు ఆపితే గుంపుగా జవాబు చెప్పొద్దు. మా ఆయా ఒకామె ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని దుర్గమ్మ గుడికని చెప్పింది. అబద్ధమేం కాదు, తర్వాత నిజంగానే కొండెక్కింది.

బస్సులో పోతే మాత్రం తిరిగొచ్చేటప్పుడు తలలు లెక్కపెట్టి, నోటుబుక్కు తీసి జమాఖర్చు పైకి చదివేయండి. ఒంగోలు దాటేలోపే చదవాలి, ఆ తర్వాత అందరూ నిద్రే.