నిర్మాణ స్థలంలో తాత్కాలిక వసతులు – 3వ పాఠం: సిమెంటు గోడౌను ఎంత, ఎక్కడ?

గత పాఠంలో ఏ వారం ఎంతమంది కార్మికులు ఉంటారో పట్టిక వేసుకున్నాం. దాన్నే మళ్లీ తీయండి. ఈసారి అందులోంచి సిమెంటు లెక్క రావాలి.

కొత్తవాళ్లు మొత్తం బస్తాలను మొత్తం రోజులతో భాగించి సగటు తీస్తారు. ఆ అంకెతో గోడౌను కడితే, స్లాబు వేసే వారంలో సగం బస్తాలు బయట టార్పాలిన్ కిందే ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ వాడే వారాన్నే పట్టుకోండి. ఆ వారం రోజుకు 60 బస్తాలు కావాలనుకుందాం. లారీ వారానికోసారి వస్తుంది, మరో మూడు రోజులు ఆలస్యం కావచ్చు. అంటే 10 రోజుల నిల్వ, 600 బస్తాలు.

50 కిలోల బస్తా పడుకోబెడితే సుమారు 0.3 చదరపు మీటరు చోటు తీసుకుంటుంది. దొంతర 10 బస్తాల ఎత్తు దాటకూడదు. దాటితే అడుగు బస్తాలు ఒత్తిడికి గడ్డకడతాయి, దొంతర మనిషి మీదికి ఒరగనూ వచ్చు. కాబట్టి 60 దొంతరలు, 18 చదరపు మీటర్లు. ఇక్కడే ఆగారా, లోపలికి అడుగుపెట్టే దారి ఉండదు! నడవకు, గోడల వెంబడి వదిలే ఖాళీకి పోగా నేలలో 60 శాతమే దొంతరలకు మిగులుతుందనుకోండి. 18ని 0.6తో భాగిస్తే 30 చదరపు మీటర్లు, అంటే 5 మీటర్లకు 6 మీటర్ల గది.

నేల మీద చెక్కలు పరిచి, వాటిపై పేర్చాలి. నిల్వ ఉన్నకొద్దీ సిమెంటు బలం తగ్గుతుంది కనుక ప్రతి దొంతరకూ వచ్చిన తేదీ రాసిన చీటీ ఉండాలి, పాతది ముందు బయటికి రావాలి.

నీడ ఉంది కదా అని మొదటి అంతస్తు స్లాబు మీద మాత్రం పేర్చకండి. ఒక్క దొంతరే 500 కిలోలు, అంటే చదరపు మీటరుకు 1,600 కిలోల పైమాటే. నివాస గదుల స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారానికే (మనుషులు, సామాన్ల బరువుకే) రూపొందిస్తారు.

ఎంత అన్నది ఇలా కాగితం మీద తేలిపోతుంది. ఎక్కడ అన్నదే చిక్కు. నేను మొదట వేసిన గోడౌను మిక్సరు పక్కనే, లారీ తిరిగే చోటే ఉంది. చూసి మురిసిపోయాను. నాలుగో నెలలో డ్రైనేజీ గొట్టాల కందకం సరిగ్గా దాని కిందనుంచే తవ్వాలని తేలింది. రేకులు విప్పి, బస్తాలు మోసి, మళ్లీ కట్టడానికి మూడు రోజులు పట్టింది. నేను స్థలం పటం చూశాను గానీ, పనుల తేదీలు చూడలేదు. అప్పటినుంచి పటానికి మూడు నకళ్లు తీస్తాను: పునాది దశకు ఒకటి, గోడలు లేచే దశకు ఒకటి, పూతపనుల దశకు ఒకటి. ఒక్కో దాని మీద ఆ దశలో తవ్వే చోట్లకు, క్రేను తిరిగే వలయానికి ఎర్రరంగు వేస్తాను. మూడింటిలోనూ ఎరుపు తగలని చోటే గోడౌనుది.

అభ్యాసం: రోజుకు 45 బస్తాలు, 8 రోజుల నిల్వ (లారీ వారానికోసారి, ఆలస్యానికి ఒక రోజు). గది వైశాల్యం కట్టండి (18 చదరపు మీటర్లు రావాలి). తర్వాత మీ పటం మూడు నకళ్ల మీద దానికి చోటు వెతకండి. దొరకకపోతే లారీని వారానికి రెండుసార్లు పిలిచి, నిల్వను 5 రోజులకు తగ్గిస్తే ఎంత చోటు సరిపోతుందో చూడండి. ఆలస్యానికి ఉంచిన రోజులను మాత్రం తగ్గించకండి.