వెల్డింగ్ షెడ్డులో ఎర్ర గచ్చు బాగుచేశాను

మా షెడ్డులో రెడ్ ఆక్సైడ్ గచ్చు నూనె మరకలతో నల్లబడింది. యాసిడ్ పోయమన్నారు చాలామంది. అది సిమెంటునే తినేస్తుంది, వద్దన్నాను. సుద్దపొడిని డిటర్జెంటు నీళ్లతో ముద్దగా కలిపి మరకలపై పట్టించి, ఆరాక గీకేశాను. పొడి నూనెను పీల్చుకుంటుంది. మొండి మరకలకు మళ్లీ పట్టించాలి. కడిగి ఆరబెట్టాక నీటి చుక్కలు వేసి చూశాను: చుక్క ఇంకకుండా ముత్యంలా నిలిస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టే, సీలర్ (గచ్చును కాపాడే పూత) పట్టదు. గచ్చులో తేమ ఉందేమో చూడటానికి దానిపై ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకు టేపు వేసి రాత్రంతా ఉంచాను. అడుగున చెమ్మ చేరితే ఆగాల్సిందే. ఈ పరీక్ష మానేసి, పూత పొరలుగా లేచాక టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. చల్లబడ్డాక సాయంత్రం అక్రిలిక్ సీలర్ రెండు పలుచటి పూతలు వేశాను. ఎండలో మందంగా వేస్తే బుడగలొస్తాయి. నిప్పురవ్వలు పడేచోట మాత్రం అక్రిలిక్ కాలిపోతుంది కాబట్టి, లోపలికి ఇంకే సిలికేట్ రకం సీలర్ వాడాను.