కార్లోకి పదేపదే నీళ్లు వస్తున్నాయా? జాబ్ కార్డు నుంచి కన్స్యూమర్ కమిషన్ దాకా

వాన పడ్డ మర్నాడు డోర్ తీయగానే, తడిగుడ్డ మూలన పడేస్తే వచ్చే వాసన ముక్కుకి తగిలిందంటే, కార్పెట్ పైకి పొడిగా కనిపించినా నమ్మకండి. మ్యాట్ తీసి బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. కింద ఉండే ఫోమ్ నీళ్లు పీల్చుకుని అలాగే ఉంటుంది, పైన బట్ట ఆరినా అది వారాల తరబడి ఆరదు. నా కారు మూడోసారి రిపేరై వచ్చిన నాలుగో రోజున ఇలా నొక్కితే వేలి చుట్టూ నీళ్లు ఊరాయి. షెడ్డు చుట్టూ మూడుసార్లు తిరిగానే గానీ, దేనికోసం తిరిగానో చెప్పే కాగితం ఒక్కటీ నా దగ్గర లేదని అప్పుడే తెలిసొచ్చింది. ఇలాంటి కేసు నిలబడేదీ, పడిపోయేదీ జాబ్ కార్డు (బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసుకునే సర్వీస్ షెడ్డు కాగితం) దగ్గరే. అందుకే మొదట్నుంచీ చెప్తాను.

సమస్య: నీళ్లు వస్తున్నాయి, ఎక్కడి నుంచో తెలియదు

ముందు అవి ఏ నీళ్లో తేల్చుకోవాలి. వాన లేకపోయినా ఏసీ వేసి తిరిగిన రోజుల్లోనే ముందు సీటు కింద తడి కనిపిస్తే, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి ఉండొచ్చు. తడి జిగటగా ఉండి, తియ్యటి వాసన వస్తూ, అద్దం మీద నూనెపొరలా మసక కడుతుంటే అది హీటర్ కోర్ (కారు లోపల వేడిగాలి ఇచ్చే భాగం) నుంచి కారే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. వాన పడినప్పుడో, కడిగినప్పుడో మాత్రమే వస్తుంటే సన్‌రూఫ్ డ్రెయిన్ గొట్టాలు, ముందు అద్దం అతికించిన గమ్, డోర్ ప్యాడ్ వెనకుండే ప్లాస్టిక్ షీటు, టెయిల్ లైట్ వెనక రబ్బరు, పైకప్పు అతుకుల్లో వేసే సీలర్, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

చట్టం మాట మాట్లాడుతూ మెకానిక్ సంగతులెందుకు అనుకోవద్దు, తేడా అంతా ఇక్కడే ఉంది. ఆకులు పడి గొట్టం పూడితే "అది మెయింటెనెన్స్, వారంటీలోకి రాదు" అంటారు, చాలాసార్లు వాళ్ల మాటే చెల్లుతుంది. అదే గొట్టం జాయింట్ దగ్గర ఊడిపోయినా, అతుకులో సీలర్ పడకుండా ఖాళీ ఉన్నా, అది తయారీలో లోపమని మీరు వాదించొచ్చు. అందుకే "సరిచేశాం" అన్న ముక్కతో ఊరుకోకుండా కారణం ఏమిటో రాసివ్వమని అడగండి.

సమస్య: "వాటర్ టెస్ట్ చేశాం, లీకేజీ లేదు" అని బండి తిరిగిచ్చేస్తున్నారు

వాషింగ్ బేలో ఐదు నిమిషాలు నీళ్లు కొట్టి చూస్తే చాలా లీకులు బయటపడవు. కొన్ని గంటల తరబడి వాన పడితేనో, బండి వాలుగా నిలబెడితేనో వస్తాయి. మీరు దగ్గరుండి టెస్ట్ చేయించండి. లోపల ట్రిమ్ (పైన బిగించే ప్లాస్టిక్ ప్యానెళ్లు) విప్పించి, ఒక మనిషిని టార్చ్‌తో లోపల కూర్చోబెట్టి, పైపుతో మామూలు ధారగా కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. ముందే పైకప్పు మీద పోస్తే నీళ్లు అన్నిచోట్లకీ జారిపోయి, ఏ సందులోంచి దూరాయో తెలియదు. అదంతా వీడియో తీసుకోండి.

సమస్య: మూడుసార్లు ఇచ్చాను, కాగితంలో అసలు లోపమే లేదు

నన్ను దెబ్బకొట్టింది ఇదే. సర్వీస్ అడ్వైజర్ "జనరల్ చెకప్" అని రాస్తాడు, మనం సంతకం పెట్టేస్తాం. తర్వాత ఎవరైనా చూస్తే ఒకే లోపం మూడుసార్లు తిరగబెట్టినట్టు కనిపించదు, మూడు వేర్వేరు చిన్న పనుల్లా కనిపిస్తుంది. ప్రతిసారీ ఒకే మాట రాయించండి: "వాన తర్వాత డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు వస్తున్నాయి, ఇది ఫలానా తేదీన చెప్పిన ఫిర్యాదే." ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, కిలోమీటర్ల రీడింగ్ ఉండాలి. డబ్బు తీసుకోకపోయినా బిల్లు అడిగి తీసుకోండి. రాయనంటే ఆ సాయంత్రమే డీలర్‌కీ కంపెనీకీ కలిపి ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు.

వారంటీ ముగిసే ముందు కూడా ఇదే పని చేయాలి. ఫిర్యాదు గడువు లోపలే మొదలైందని చూపించగలిగితే, గడువు దాటాక కూడా మీ వాదనకి బలం ఉంటుంది.

సమస్య: "బయట పని చేయించారు, వారంటీ పోయింది" అంటున్నారు

బయట అద్దం మార్పించాక అక్కడి నుంచే కారుతుంటే, అది మార్చిన వాళ్లని అడగాల్సిందే. కానీ వెనకాల టెయిల్ లైట్ దగ్గర లీకైతే ముందు అద్దం ఎందుకు అడ్డొస్తుంది? బయట చేసిన పనికీ లీకుకీ సంబంధమేంటో రాసివ్వమనండి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి పార్టు వాడారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని తీసేయడానికి వీల్లేదు.

సమస్య: ఎంత తిరిగినా పని కావడం లేదు, ఇక చట్టమే దారి

ముందు డీలర్‌కీ తయారీ కంపెనీకీ ఇద్దరికీ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. రిపేర్ల తేదీలు, బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉంది, మీకేం కావాలి (పూర్తి రిపేరా, మార్పా, డబ్బు వాపసా), ఎన్ని రోజుల్లో కావాలి, ఇంతే. కోపం తగ్గించి తేదీలు పెంచండి.

భారత్‌లో దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. లోపం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు కన్స్యూమర్ కమిషన్‌కి (వినియోగదారుల కోర్టుకి) వెళ్లాలి, మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. అంతకు ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేయొచ్చు. ఇక్కడ ఒక నిజం ముందే తెలిసుండాలి: వారంటీ కింద లోపమున్న భాగాన్ని మార్చాలే తప్ప బండినే మార్చనక్కర్లేదని 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. కాబట్టి మొత్తం డబ్బు అడిగేవాళ్లు, ఇది రిపేరుతో పోయే లోపం కాదని చూపించాలి. దానికి నిపుణుడి నివేదిక కావాలి. లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే కమిషన్ ల్యాబ్‌కి పంపించగలదు.

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ లెమన్ చట్టం (ఎన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడని బండి కొన్నవాళ్లని కాపాడే చట్టం) ఉంది. చాలా చోట్ల ఒకే లోపానికి 3, 4 సార్లు రిపేరు చేసినా పోకపోయినా, బండి మొత్తం 30 రోజులు షెడ్డులోనే ఉన్నా మీకు హక్కు పుడుతుంది, అయితే లెక్క రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద మీరు పట్టుకోవాల్సింది అమ్మిన డీలర్‌ని. మొదటి 30 రోజుల్లోనైతే లోపమున్న బండిని తిప్పి ఇచ్చేయొచ్చు, ఆ తర్వాత ఒక్క రిపేరు విఫలమైనా బండి వెనక్కి ఇచ్చే హక్కు ఉంటుంది.

సెటిల్‌మెంట్ కాగితం ఇస్తే "ఇకపై ఎలాంటి క్లెయిమ్ చేయను" అన్న లైను ఉందేమో చదవకుండా సంతకం పెట్టొద్దు.

నిపుణుడి నివేదిక వచ్చేదాకా బయట ఎక్కడా సీలెంట్ పూయించకండి, ఆ పూతతో సాక్ష్యం కూడా మూసుకుపోతుంది. అలాగని తడి అలాగే వదిలేస్తే, నష్టం పెరగడానికి మీరే కారణమంటారు. ఫొటోలు తీసుకుని కార్పెట్ ఎత్తి ఆరబెట్టండి. వాన రోజుల్లో కవర్ కప్పండి. సీటు కింద వైరింగ్ కనెక్టర్లకి తుప్పో పచ్చటి చిలుమో పడితే, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే ఆ రోజే ఫొటో తీసి ఈమెయిల్ పెట్టండి. అక్కడి నుంచి అది మీ ప్రాణానికి సంబంధించిన ఫిర్యాదు, అలాగే రాయండి.