నాలుగు దెబ్బల సీక్రెట్ షేక్‌హ్యాండ్

తిరుపతి పిల్లలు కదా, ఏడు కొండలకు ఏడు స్టెప్పులంటారు. వద్దు, సగం మర్చిపోతారు. నాలుగు చాలు, మూడు సెకన్లలో అయిపోవాలి.

కుడి అరచేతులు చరుచుకోండి. చేతులు వెనక్కి వచ్చేటప్పుడు అరచేతుల వెనకవైపులు తగిలించండి. పిడికిళ్లు గుద్దండి. చివరికి బొటనవేళ్లు పెనవేసి, పట్టిన చేతులు పక్కకు ఊపి, చిటికేసి వదలండి.

చరుపు గురి తప్పేది ఎక్కువగా చూపు వల్లే. అరచేతిని కాదు, ఎదుటివాళ్ల మోచేతిని చూడండి, టప్‌మని పడుతుంది. ఊపేటప్పుడు ‘ఎడమకి’ అనుకుంటే చెరో దిక్కుకు లాగుతారు, ఎదురెదురుగా ఉంటారు మరి. ‘కొండ వైపు’ అనుకోండి. మన ఊళ్లో ఆ దిక్కు అడగాల్సిన పనిలేదు. మొదట పైకి లెక్కపెడుతూ మెల్లగా పదిసార్లు చేసి, తర్వాతే స్పీడు పెంచండి. పిడికిలి గుద్దే ముందు ఉంగరం తీసేయండి.