కువైట్ వచ్చేవాళ్లకి: టికెట్ మీద గంటలు చూసి మోసపోకండి

మొన్న మా కోనసీమ లంక కుర్రాడొకడు కువైట్ వచ్చాడు. టికెట్ చూసి వాళ్లమ్మతో "రాత్రి పదికి ఎక్కితే పన్నెండుంపావుకి దిగిపోతా, రెండు గంటల పని" అన్నాడట. ఇంట్లో గోడ గడియారం పన్నెండుంపావు కొట్టేసరికి విమానం ఇంకా అరేబియా సముద్రం మీదే ఉంది. ఆవిడ తెల్లవార్లూ వీధరుగు మీదే కూర్చుంది.

తమ్ముడూ, టికెట్ మీద ఎక్కే టైము హైదరాబాద్‌ది, దిగే టైము కువైట్‌ది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అది ఎండాకాలమైనా చలికాలమైనా మారదు. శంషాబాద్ నుంచి ఇక్కడికి నేరుగా గీత గీస్తే సుమారు 3,370 కిలోమీటర్లు. విమానం గీత మీద పోదు, దాని దారులు దానికుంటాయి. నేరుగా వచ్చేదైతే నాలుగున్నర, అయిదు గంటలనుకో. తిరుగు ప్రయాణం కాస్త తక్కువ. గోదావరిలో ఎదురెక్కే పడవకీ వాలుకి పోయే పడవకీ ఉన్న తేడాయే, ఇక్కడ గాలితో. దుబాయ్‌లో మారేవాళ్లు గడియారం రెండుసార్లు తిప్పుకోవాలి: అక్కడ గంటన్నర, ఇక్కడికొచ్చాక ఇంకో గంట.

ఇదంతా ఒక ఎత్తు. అర్ధరాత్రి టికెట్ ఒక్కటీ ఒక ఎత్తు. 14వ తేదీ 00:40 అని ఉంటే 13 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. పదమూడు. మళ్లీ చదువు. మొదటి సెలవుకి నేను 14 సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, పెట్టెలకి తాడు కట్టుకుని వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి జాలిగా చూసింది. విమానం వెళ్లి అప్పటికే ఇరవై గంటలు. మళ్లీ టికెట్ కొని ఇంటికి చేరేసరికి మా కనుమ పండగ జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థం అయిపోయింది. నాన్న ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. కాబట్టి టికెట్ రాగానే "ఫలానా వారం రాత్రి అన్నం తిని బయల్దేరాలి" అని తెలుగులో రాసి అద్దానికి అంటించు. నవ్వితే నవ్వారు.

విమానం గంటలే దూరం అనుకోకు. అమలాపురంలో రైలు లేదు. రాజమండ్రి ఎయిర్‌పోర్టు మధురపూడి నుంచి హైదరాబాద్‌కి విమానం గంటే, కానీ అక్కడికి చేరడానికే రెండున్నర గంటలు. లేదంటే రాత్రంతా బస్సు. జూలై, ఆగస్టుల్లో లంకల్లో కాజ్‌వేలు మునిగితే పడవ కోసం నిలబడాలి, అందుకే వరద వార్త వినగానే ఒక రోజు ముందే గట్టు దాటెయ్. ఇంటి గుమ్మం నుంచి ఇక్కడి రూము దాకా ఒక రోజు దాటుతుందని ఇంట్లో ముందే చెప్పు. దిగగానే ఎయిర్‌పోర్టు వైఫైలో ఒక్క మెసేజ్ పెట్టు, సిమ్ సంగతి తర్వాత.

మొదటి నెలల్లో నేను డ్యూటీ అయ్యాక పదింటికి ఇంటికి ఫోన్ చేసేవాణ్ని. అక్కడ పన్నెండున్నర. ఆ వేళ ఫోన్ మోగితే ఎవరో పోయారనే అనుకుంటారు. అమ్మ గొంతులో వణుకు విన్నాకగానీ నాకు బుర్రకెక్కలేదు.

సరే, మరీ భయపెట్టాను. రెండు వారాల్లో ఆ రెండున్నర గంటల లెక్క నోటికి వచ్చేస్తుంది. ఆ కుర్రాడు ఇప్పుడు రోజూ ఏడున్నరకి చేస్తున్నాడు. అక్కడ పది. వాళ్లమ్మ సీరియల్ అయిపోయి, ఫోన్ పక్కన పెట్టుకునే కూర్చుంటుందట.