చరిత్రలో కారణాలు వెతకడం – 4వ పాఠం: హవాయి విలీనం ఐదేళ్లు ఎందుకు ఆగింది?

పోయిన పాఠంలో అమెరికా సముద్రం మీద వేసిన అడుగులను, మిడ్‌వే దీవి (1867) నుంచి పనామా కాలువ ప్రాంతం (1903) దాకా, తేదీల వారీగా రాసుకున్నాం. ఆ పేజీ ఎదురుగా పెట్టుకోండి. ఇవాళ నేర్చుకునేది ఒక్కటే పని: ఏ కారణాన్నైనా నమ్మే ముందు దాన్ని తేదీలతో సరిచూడటం.

అమెరికా సముద్రాలు దాటి ఎందుకు విస్తరించింది? దీనికి పరీక్షల గైడ్లలో ఉండే జవాబు మనలో చాలామందికి కంఠతా వచ్చు. మార్కెట్లు కావాలి, ముడిసరుకులు కావాలి, నౌకాదళానికి స్థావరాలు కావాలి, తమ జాతే గొప్పదన్న నమ్మకం ఉంది. నాలుగూ నిజమే. కానీ ఈ నాలుగూ 1890లోనూ ఉన్నాయి. మరి హవాయిని 1898లోనే కలుపుకోవడం ఎందుకు? ఈ ప్రశ్నకు గైడు జవాబు చెప్పదు. నేను చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్న అడగాలని కూడా నాకు తోచలేదు. అందుకే ఈ పాఠం మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం.

హవాయి అప్పట్లో పసిఫిక్ సముద్రంలోని దీవుల రాజ్యం. దానికి సంబంధించి రెండు తేదీలు రాయండి. 1893 జనవరి 17: రాణి లిలియుఒకలానిని గద్దె దించారు. 1898 జూలై 7: దీవులను అమెరికాలో కలిపే తీర్మానం మీద అధ్యక్షుడు మెకిన్లీ సంతకం చేశాడు. మధ్యలో ఐదేళ్లకు పైగా ఖాళీ. మనకు కావలసిన ఆధారాలు ఆ ఖాళీలోనే ఉన్నాయి.

మొదట చక్కెరను పరీక్షిద్దాం. 1875 ఒప్పందంతో హవాయి చక్కెర సుంకం లేకుండా అమెరికాకు వెళ్లేది. తోటలు విపరీతంగా పెరిగాయి. 1890లో వచ్చిన చట్టం అన్ని దేశాల ముడి చక్కెర మీదా సుంకం తీసేసి, అమెరికా రైతులకు మాత్రం పౌనుకు రెండు సెంట్ల సాయం ఇచ్చింది. హవాయి లాభం ఒక్కసారిగా పోయింది. అమెరికాలో కలిస్తే ఆ సాయం తమకూ దక్కుతుంది. ఇటు 1893 జనవరిలో రాణి తన అధికారాన్ని తిరిగి నిలబెట్టే కొత్త రాజ్యాంగం తేబోయింది. అంతే, ఆ వారంలోనే తిరుగుబాటు జరిగింది. అమెరికా రాయబారి స్టీవెన్స్ అండతో బోస్టన్ అనే యుద్ధనౌక నుంచి 160 మందికి పైగా సైనికులు హొనొలులులో దిగారు.

చక్కెర 1893కు బాగానే సరిపోయింది. ఇప్పుడు 1898 దగ్గర పెట్టి చూడండి. 1894లో చక్కెర మీద సుంకం మళ్లీ వేశారు, హవాయికి పాత లాభం తిరిగి వచ్చింది. ఇంకో సంగతి, తోటల యజమానులంతా విలీనాన్ని కోరలేదు. చక్కెర వ్యాపారంలో పెద్దవాడైన క్లాస్ స్ప్రెకెల్స్ దాన్ని వ్యతిరేకించాడు. అమెరికాలో కలిస్తే, విదేశాల నుంచి కాంట్రాక్టు కూలీలను తెచ్చుకోవడం అక్కడి చట్టం ప్రకారం కుదరదు, తోటలు నడిచేదేమో వాళ్లతోనే. కాబట్టి చక్కెర పక్కన '1893కు బలమైన కారణం, 1898కు చాలదు' అని రాసుకోండి.

తరువాత అడగాల్సింది: ఆపింది ఎవరు? ఈ ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. తిరుగుబాటుదారులు అమెరికాతో చేసుకున్న విలీన ఒప్పందాన్ని, 1893 మార్చిలో అధ్యక్షుడైన క్లీవ్‌లాండ్ సెనేట్ (అమెరికా ఎగువసభ) నుంచి వెనక్కి తీసుకున్నాడు. 1897లో మెకిన్లీ కొత్త ఒప్పందం పంపితే, హవాయి ప్రజలు 21,000కు పైగా సంతకాలతో వినతిపత్రాలు పంపారు. అక్కడి స్థానికుల సంఖ్య సుమారు 39,000. అంటే సగానికి పైగా! ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి, అది దొరకలేదు. విలీనాన్ని ఆపిన వాళ్లలో ఈ మామూలు జనం ఉన్నారు. కారణాల పట్టికలో వాళ్లకు చోటు లేకపోతే ఆ పట్టిక తప్పు.

మరి 1898లో ఏం మారింది? ఏప్రిల్‌లో స్పెయిన్‌తో యుద్ధం మొదలైంది. మే 1న అమెరికా నౌకాదళ అధికారి డ్యూయీ, అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఫిలిప్పీన్స్‌లో, మనీలా దగ్గర స్పెయిన్ నౌకలను ధ్వంసం చేశాడు. అక్కడికి సైనికులను తీసుకెళ్లే ఓడలు దారిలో బొగ్గు కోసం హొనొలులులో ఆగాయి. స్థావరం కావాలన్న పాత వాదన ఒక్కసారిగా ఆ రోజు అవసరం అయిపోయింది. దానికి తోడు, విలీనాన్ని ఒప్పందంగా కాకుండా ఉభయసభల తీర్మానంగా తెచ్చారు. దానికి మామూలు మెజారిటీ చాలు. కోరిక ముందే ఉంది, యుద్ధం అడ్డు తొలగించింది. మీ నోట్‌బుక్‌లో ఈ రెంటినీ వేర్వేరు గడుల్లో రాయండి.

అభ్యాసం: ఫిలిప్పీన్స్. 1898 డిసెంబరు 10న పారిస్ ఒప్పందం: ఫిలిప్పీన్స్ అమెరికాకు, బదులుగా స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు. 1899 ఫిబ్రవరి 4న మనీలా దగ్గర ఫిలిప్పీన్స్ సైనికులకూ అమెరికన్లకూ కాల్పులు. ఫిబ్రవరి 6న సెనేట్ ఆ ఒప్పందాన్ని 57–27తో ఆమోదించింది, కావలసినదాని కంటే ఒక్క ఓటే ఎక్కువ. 'కాల్పుల వల్లే ఒప్పందం గట్టెక్కింది' అని ఒకరు అన్నారనుకోండి. ఆ మాట నమ్మాలంటే ఏ ఆధారాలు చూడాలో ఐదారు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠం మీ జవాబుతోనే మొదలుపెడదాం.